పనిచేయు జాగిలముల దేహపుష్టి, కండపుష్టి: పరీక్షించు విధానము

సంతలో ఎద్దును బేరమాడు రైతు దాని రంగును, కొమ్ములను మాత్రమే చూచి సొమ్ము చెల్లింపడు. డొక్కపై చేయి వేయును. వెన్నుపై వ్రేళ్ళు నొక్కి చూచును. తొడలను తడవి చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. కంటికి కనిపించినది కొంత, చేతికి తెలిసినది కొంత, రెండును కలిపి యొక నిర్ణయమునకు వచ్చును. సేద్యమునకు ఎద్దు ఎట్టిదో, కాపలాకు, వేటకు, నేరపరిశోధనకు, సైన్యమునకు కుక్క అట్టిది. అయినను ఎద్దు విషయమున చూపు శ్రద్ధలో పదవ వంతైనను మనము కుక్క విషయమున చూపము. నున్నగా బలిసిన కుక్కను చూచి “బాగుగా నున్నది” అని తృప్తి పడుదుము. ప్రక్కటెముకల నీడ కనబడగానే “అయ్యో, ఎండిపోయినది” అని జాలిపడుదుము. ఈ తృప్తియు, ఈ జాలియు పెక్కుసారులు పొరపాటులే యగును. ఏలయన, బలియుట వేరు, బలము కలిగియుండుట వేరు. మొదటిది కొవ్వునకు సంబంధించినది. రెండవది కండకు సంబంధించినది.

కావున కొవ్వును, కండను వేరువేరుగా పరీక్షించుట యెట్లో ఈ పాఠమున తెలిసికొందము. ఇందులకు గొప్ప యంత్రములతో పనిలేదు. రెండు చేతులు, ఒక త్రాసు, ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకము చాలును.

1. పనిచేయు కుక్కలు

మనుష్యునితో కుక్కకు గల సహవాసము వేల యేండ్ల నాటిది. గొఱ్ఱెల మందలను కాచుట, వేటలో తోడుపడుట, ఇల్లు వాకిళ్ళు కాపాడుట దాని పాత వృత్తులు. ప్రేలుడు పదార్థములను, మత్తుమందులను వాసనచేత కనిపెట్టుట, నేరస్థుల జాడ తీయుట, కూలిన కట్టడముల క్రింద చిక్కినవారిని వెదకుట, చూపులేనివారికి దారి చూపుట దాని క్రొత్త వృత్తులు. మన దేశమున సైన్యమునకు కావలసిన జాగిలములకు శిక్షణ నిచ్చు పాఠశాల 1960లో మీరట్ నగరమున ఏర్పడినది. గ్వాలియర్ సమీపమున టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళమువారి జాగిల శిక్షణ కేంద్రము 1970లో వెలసినది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయి జాతులు ఈ పనులలో ఎక్కువగా వాడుకలో నున్నవి.

దక్షిణదేశమున మన పరిసరములకు చెందిన రెండు జాతులను విద్యార్థులు తప్పక ఎఱుగవలెను. మొదటిది ముధోల్ జాగిలము. ఇది కర్ణాటకములోని బాగల్‌కోట జిల్లాకు చెందిన ముధోల్ పేర ప్రసిద్ధి చెందినది. తెలంగాణమునందు నిర్మల్ జిల్లాలోను ముధోల్ అను ఊరు కలదు. అది వేరు, ఇది వేరు. ముధోల్ సంస్థానాధీశుడైన మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని పోషించి నిలిపినవాడు. 2016లో భారత సైన్యము ముధోల్ కూనలను మీరట్‌కు తీసికొనిపోయి శిక్షణ నిచ్చి పరీక్షించినది. రెండవది రాజపాళయము జాగిలము. తమిళనాడులో పడమటి కనుమల పాదమున నున్న రాజపాళయము, తెలుగుదేశమునుండి తరతరములకు పూర్వము వలసవచ్చిన రాజుల నివాసము. 1949 మొదలు 1952 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఆ యూరివారే. తెల్లని మేనితో, ఎఱ్ఱనైన ముక్కుతో నుండు ఈ జాగిలమునకు ఆ యూరి పేరే నిలిచినది. 2005లో మన తపాలాశాఖవారు నాలుగు భారతీయ జాతుల కుక్కల చిత్రములతో బిళ్ళలు వెలువరించినపుడు అందు ముధోల్, రాజపాళయము రెండును చోటు చేసికొన్నవి.

పనిచేయు కుక్కలో ఒక విశేషము కలదు. అది తన బాధను దాచుకొనును. వెంటాడు ఉత్సాహమున, యజమాని మెప్పు పొందవలెనను ఆశచేత, కాలు నొచ్చినను పరుగు మానదు. ఒళ్ళు క్రాగుచున్నను వెదకుట మానదు. నోరులేని జీవి తానై చెప్పుకొనజాలదు. అది కూలబడిన పిదప తెలిసికొనుటకంటె, కూలకముందే తెలిసికొనుట దానిని పోషించువాని విధి.

2. కొవ్వు వేరు, కండ వేరు

కొవ్వు దేహమునందలి ధాన్యపు గాదె వంటిది. తిన్న తిండిలో ఖర్చు కాక మిగిలినది అందు చేరును. అవసరమైనపుడు తిరిగి వాడుకకు వచ్చును. కుక్క దూరపు పరుగులలో ముఖ్యముగా కొవ్వునే ఇంధనముగా వాడుకొనును. కావున కొవ్వు శత్రువు కాదు. తగినంత పుష్టిగల కుక్క బరువులో సుమారు అయిదవ వంతు కొవ్వుండును. అంతకు మించిన కొవ్వు మాత్రము మోత బరువు.

కండ దేహమును నడిపించు యంత్రము. కుక్కకు మనకున్నట్టి పనికివచ్చు జత్రువు, అనగా మెడయెముక, లేదు. ముందుకాళ్ళను మొండెముతో కలిపి యుంచునవి ఎముకలు కావు, కండలే. నిలిచియున్న కుక్క బరువులో నూటికి అరువది వంతులు ఆ ముందుకాళ్ళపైననే పడును. వెనుకకాళ్ళు దేహమును ముందునకు త్రోయును. వెన్నుకు ఇరుప్రక్కల పొడవుగా సాగిన కండలు ఈ రెంటిని అనుసంధించును. ఈ కండలలో ఏది తగ్గినను ఆ భారము కీళ్ళపైన, నరములపైన పడును. పరుగుకే పుట్టిన గ్రేహౌండు జాతిలో బ్రతికియున్న బరువునందు నూటికి 57 వంతులు కండయే యని లెక్కించిరి. ఇతర జాతులలో అది సుమారు 44 వంతులు.

త్రాసు ఈ రెంటికిని గల భేదమును చూపజాలదు. ఒక కిలో కండ పోయి ఒక కిలో కొవ్వు చేరినయెడల ముల్లు అచ్చటనే నిలుచును. కావున నాలుగు స్థితులు సంభవించును: కొవ్వు మితముగా, కండ నిండుగా నుండుట ఒకటి; కొవ్వు ఎక్కువై, కండయు నిండుగా నుండుట రెండు; కొవ్వు తగ్గి, కండయు తగ్గుట మూడు; కొవ్వు ఎక్కువై, దాని క్రింద కండ తగ్గియుండుట నాలుగు. వీనిలో నాలుగవది మిక్కిలి మోసకరమైనది. “పైన పటారము, లోన లొటారము” అను సామెతకు ఇంతకంటె తగిన దృష్టాంతము దొరకదు. చూచువారికి పుష్టిగా కనబడును. మెట్లెక్కునపుడు, గోడ దుముకునపుడు అసలు సంగతి బయటపడును.

అధికమైన కొవ్వు వలన కలుగు హాని సామాన్యమైనది కాదు. కుక్కకు మనవలె ఒళ్ళంతయు చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటచేతనే ముఖ్యముగా వేడిని బయటకు పంపును. కొవ్వు పొర దుప్పటివలె ఆ వేడిని లోన నిలుపును. మన వేసవియెండలలో బలిసిన జాగిలముచేత పని చేయించుట ప్రాణాపాయము. అమెరికాలో 1987లో ప్రారంభించి, 2002లో ఫలితము ప్రకటించిన యొక ప్రసిద్ధ పరిశోధనలో 48 లాబ్రడార్ కూనలను 24 జతలుగా కూర్చి, ప్రతి జతలో ఒకదానికి రెండవదానికంటె నూటికి 25 వంతులు తక్కువ తిండి పెట్టిరి. కడుపునిండ తిన్నవాని నడిమి ఆయుర్దాయము 11.2 సంవత్సరములు, మితముగా తిన్నవానిది 13 సంవత్సరములు. కీళ్ళజబ్బులును మితముగా తిన్నవానికి ఆలస్యముగా వచ్చినవి. ప్రేమతో పెట్టిన అదనపు ముద్ద ఆయుస్సును హరించునని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

3. పరీక్షకు ముందు జాగ్రత్తలు

విద్యార్థులు మొదట ఒక హెచ్చరికను మనస్సున నుంచుకొనవలెను. తెలియని కుక్కను, వీధికుక్కను ఎన్నడును తాకరాదు. తెలిసిన కుక్కనైనను దాని యజమాని చెంత నున్నప్పుడే తాకవలెను. నొప్పిగల చోట చేయి పడినయెడల మంచి కుక్కయు కరవవచ్చును. కుక్క కరచినను, గోళ్ళతో గీరినను ఆ గాయమును వెంటనే పారునీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోయి పిచ్చికుక్క వ్యాధి నిరోధపు సూదిమందు వేయించుకొనవలెను.

పరీక్ష ప్రతిసారియు ఒకే వేళ, తిండి పెట్టుటకు ముందు జరుగవలెను. కుక్కను చదునైన నేలపై, నాలుగు కాళ్ళపై సమముగా నిలువబెట్టవలెను. ఒక ప్రక్కకు ఒరగినను, ఒక కాలు ఎత్తినను కండల రూపము మాఱును. వీలైనంతవరకు ఒకే మనుష్యుడు పరీక్షించుట మంచిది. ఇద్దఱి చేతులు ఒకే తీర్పు చెప్పవు.

4. దేహపుష్టి: తొమ్మిది మెట్ల కొలబద్ద

కుక్క కొవ్వును అంచనా వేయుటకు పశువైద్యులు నేడు వాడు కొలబద్దలో తొమ్మిది మెట్లు కలవు. లాఫ్లామ్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞురాలు 1997లో దీనిని పరీక్షించి ప్రకటించినది. ఒకటి యనగా ఎముకల గూడు. తొమ్మిది యనగా కొవ్వు మూట. నాలుగు, అయిదు మెట్లు సరియైన స్థితి. పరుగెత్తవలసిన జాగిలమునకు వీనిలో నాలుగే మేలని పెక్కుమంది అభిప్రాయము.

మొదట కన్నులకు పని కల్పింపవలెను. కుక్క వెనుక నిలిచి పైనుండి చూడుడు. ప్రక్కటెముకలు ముగిసిన చోట నడుము కొంచెము లోనికి పోవలెను. పిదప ప్రక్కనుండి చూడుడు. రొమ్ము క్రిందనుండి పొట్ట వెనుకకు పోవుకొలది పైకి లేవవలెను. నడుము లేక పీపావలె నున్నచో కొవ్వు హెచ్చినదని శంకింపవలెను.

పిదప చేతులకు పని. కుక్కకు పదుమూడు జతల ప్రక్కటెముకలు కలవు. రెండు బొటనవ్రేళ్ళను వెన్నుపై నుంచి, అరచేతులను ఇరుప్రక్కల పఱచి, మెల్లగా ముందు వెనుకలకు జరుపవలెను. ఎంత యొత్తిడికి ఎముక తగులునో గమనింపవలెను. దీనికొక సులభమైన పోలిక కలదు. మీ చేతిని చాచి, రెండవ చేతి వ్రేళ్ళతో మీ అరచేతి వెనుక భాగమును తడవి చూడుడు. సరియైన పుష్టిగల కుక్క ప్రక్కటెముకలు అట్లు తగులును: ఎముక తెలియును, దానిపై పలుచని పొర తెలియును. పిడికిలి బిగించి కణుపులను తడవినట్లు తగిలినయెడల కుక్క చిక్కినది. అరచేతి లోపలి మెత్తని భాగమును తడవినట్లు తగిలినయెడల కుక్క బలిసినది.

ఇక మెట్ల వివరము:

ఒకటవ మెట్టున ప్రక్కటెముకలు, నడుము ఎముకలు, తుంటి యెముకలు దూరమునుండియే కనబడును. కొవ్వు లేశమైనను ఉండదు, కండయు కరగిపోయి యుండును. రెండవ మెట్టున ఎముకలు సులభముగా కనబడును గాని కండ కొంతవరకు మిగిలి యుండును. మూడవ మెట్టున ప్రక్కటెముకలు తాకగానే తెలియును, కంటికిని కనబడవచ్చును. నడుము ఎముకల కొనలు పైకి తెలియును.

నాలుగవ మెట్టున ప్రక్కటెముకలు మిక్కిలి పలుచని పొర క్రింద తేలికగా తగులును. నడుము పైనుండి స్పష్టముగా కనబడును. పొట్ట పైకి లేచి యుండును. అయిదవ మెట్టున ప్రక్కటెముకలు తగులును గాని వానిపై పొర కొంచెము హెచ్చు. నడుము తెలియుచునే యుండును.

ఆఱవ మెట్టున పొర దళసరి యగును. నడుము ఉన్నదని తెలియును గాని ప్రస్ఫుటముగా కనబడదు. ఏడవ మెట్టున ప్రక్కటెముకలను వెదకి పట్టవలసి యుండును. నడుముపైన, తోక మొదటను కొవ్వు చేరును. ఎనిమిదవ మెట్టున గట్టిగా నొక్కినగాని ఎముక తగులదు, నడుము ఉండదు. తొమ్మిదవ మెట్టున మెడపైన, కాళ్ళపైనను కొవ్వు పేరుకొని పొట్ట వ్రేలాడును.

అయిదవ మెట్టు దాటిన పిమ్మట ఒక్కొక్క మెట్టునకు ఉండవలసిన బరువునకంటె సుమారు నూటికి పది వంతులు అధికమని లెక్క కట్టవచ్చును. ఏడవ మెట్టునందున్న యొక జాగిలము 33 కిలోలు తూగిన దనుకొందము. ఏడు అయిదునకంటె రెండు మెట్లు ఎక్కువ గావున బరువు నూటికి ఇరువది వంతులు అధికము. 33ను 1.2 చేత భాగించిన 27.5 వచ్చును. అనగా ఆ జాగిలము అయిదున్నర కిలోల మూటను రాత్రింబవళ్ళు మోయుచున్నదన్న మాట. ఆ మూటతోనే దానిని గోడ దుముకుమని మనము ఆజ్ఞాపింతుము!

పొట్టను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. ఏలికపాములున్న కూనకు పొట్ట ఉబ్బియుండును, ప్రక్కటెముకలు బయటపడి యుండును. చూలుతో నున్న కుక్కకును, లోపల నీరు చేరిన రోగికిని పొట్ట పెద్దదగును. ఇవి కొవ్వు కావు.

5. కండపుష్టి: నాలుగు తావుల పరీక్ష

కొవ్వు పరీక్ష ముగిసిన పిదప కండ పరీక్ష మొదలు పెట్టవలెను. ఇది వేరొక లెక్క, వేరుగా వ్రాయవలెను. ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘమువారు 2011లో వెలువరించిన ఆహార పరీక్షా సూత్రములలోను దేహపుష్టితో పాటు కండపుష్టి చూడవలెనని విధించిరి.

చేయి వేయవలసిన తావులు నాలుగు. మొదటిది తల: కన్నులకు, చెవులకు నడుమనున్న కణతలు. రెండవది భుజము: రెక్క యెముక మీద నిలువుగా నుండు గట్టు. మూడవది వెన్ను: కడపటి ప్రక్కటెముకకు వెనుక, నడుము ఎముకలకు ఇరుప్రక్కల. నాలుగవది తుంటి, తొడ.

కండ నిండుగా నున్నప్పుడు ఈ తావులలో ఎముక అంచులు కండలో ఒదిగి యుండును. వెన్నుపై వ్రేలు ప్రక్కకు జరిపినయెడల అది పల్లములో పడక కండపైననే జారును. కండ కొంచెము తగ్గినపుడు వెన్నెముక అంచు వ్రేలికి తెలియును గాని కంటికి తెలియదు. మధ్యమముగా తగ్గినపుడు అంచు కంటికిని కనబడి, రెండు ప్రక్కల పల్లములేర్పడును. మిక్కిలి తగ్గినపుడు కణతలు లోతుకు పోవును, రెక్క యెముక గట్టు పైకి లేచును, తుంటి కొనలు పొడుచుకొని వచ్చును. కావున కండపుష్టిని నిండు, కొంచెము తగ్గుదల, మధ్యమ తగ్గుదల, తీవ్ర తగ్గుదల అని నాలుగు మాటలలో వ్రాయుదురు. తగ్గుదల తఱచుగా వెన్ను కండలలోనే మొదట తెలియును గావున, తీరిక లేనినాడు ఆ యొక్క తావునైనను తడవి చూడక మానరాదు.

బలిసిన కుక్క యందు ఈ పరీక్ష కష్టతరము. తుంటిపై కొవ్వు కప్పియున్నను కణతలపై, రెక్క యెముకపై కొవ్వు అంతగా చేరదు; కావున అచ్చట నిజము తెలియును. చేతికి కండ బిగువుగా తగులును. కొవ్వు మెత్తగా జారును. ఈ భేదము పుస్తకము చదివినంత మాత్రమున రాదు. పది కుక్కలను తడవిన చేతికే వచ్చును.

ఎడమ కుడి ప్రక్కలను పోల్చుట మఱచిపోరాదు. ముసలితనమున, దీర్ఘరోగమున కండ రెండు వైపుల సమముగా తగ్గును. ఒక్క కాలు నొచ్చినపుడు ఆ ప్రక్క కండ మాత్రమే తగ్గును. కుక్క ఆ కాలిపై బరువు మోపుట మానుకొని, కుంటకుండగనే పని నడిపించుకొనును. మోకాలి లోపలి పట్టీ తెగిన కుక్కలలో తొడ ముందు కండ త్వరగా తగ్గిపోవును. కొలత టేపుతో రెండు తొడలను ఒకే ఎత్తున, ఒకే బిగువుతో ముమ్మారు కొలిచి, సగటు వ్రాయవలెను.

6. జాతిని బట్టి తీర్పు

అన్ని జాతులకు ఒకే కన్ను పనికిరాదు. ముధోల్, రాజపాళయము, చిప్పిపాఱై మొదలగునవి చూపుతో వేటాడు సన్నని జాగిలములు. లోతైన రొమ్ము, ఎండిన డొక్క, పలుచని చర్మము, పొట్టి వెంట్రుకలు వాని జన్మలక్షణములు. పూర్ణారోగ్యముతో నున్న ముధోల్ జాగిలమునకు కడపటి రెండు మూడు ప్రక్కటెముకలును, తుంటి కొనలును కొంచెము కనబడుట సహజము. ఎఱుగనివారు దానిని చూచి పస్తులున్న దనుకొని నేతి అన్నము పెట్టుదురు. ఆ జాలికి లొంగకముందు వెన్నుపైన, తొడపైన చేయి వేయవలెను. అచ్చట కండ త్రాటివలె బిగిసి నిండుగా నున్నయెడల అది ఆకలి కాదు, అందము. అట్లు కాక వెన్ను రంపపు పండ్లవలె తగిలినయెడల అది నిజమైన ఆకలి, లేదా రోగము. కనబడు ప్రక్కటెముకలు రెండు స్థితులలోను ఒకటే. భేదము చెప్పునది చేయి మాత్రమే.

దట్టమైన బొచ్చుగల జాతులలో దీనికి విరుద్ధమైన మోసము జరుగును. జర్మన్ షెపర్డ్, హిమాలయ ప్రాంతపు గొఱ్ఱెల కాపరి కుక్క చిక్కిపోయినను బొచ్చు దానిని కప్పిపుచ్చును. చేయి బొచ్చులోనికి పోనిదే సంగతి తెలియదు.

లాబ్రడార్ కథ వేరు. దాని తిండియాస లోకప్రసిద్ధము. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఆ జాతిలో సుమారు నాలుగవ వంతు కుక్కలకు ఆకలిని అదుపు చేయు జన్యువులో కొంత భాగము లోపించినదని కనుగొనిరి. వికలాంగులకు తోడ్పడు లాబ్రడార్లలో ఈ లోపము మఱింత ఎక్కువగా నుండెను. తిండికొఱకు ఏ పనినైనను నేర్చుకొనుటకు సిద్ధపడుట శిక్షణకు అనుకూలించినదేమో యని వారి ఊహ. తిండి చూపి పని నేర్పు శిక్షకుడు ఆ తునకలనుకూడ దినపు లెక్కలో చేర్పవలెను. అవి మొత్తము తిండిలో పదవ వంతు మించరాదు.

7. కారణము తెలిసికొని చికిత్స

కొవ్వు మాత్రమే తగ్గి కండ నిలిచియున్నచో తిండి చాలలేదని యర్థము. శ్రమ చాలా ఎక్కువైనపుడు ఇట్లు జరుగును. 25 కిలోల సామాన్యపు కుక్కకు దినమునకు సుమారు 1,250 కిలోకాలరీలు చాలును. అలాస్కా మంచునేలలో సుమారు వేయి మైళ్ళు బండి లాగు పందెపు కుక్కలు దినమునకు పదివేల కిలోకాలరీల వరకు ఖర్చు చేయును. పనిని బట్టి తిండి యుండవలెనే గాని అలవాటును బట్టి కాదు. పని లేని దినములలో పనిదినపు తిండి పెట్టుటయే జాగిలములు బలియుటకు ముఖ్యకారణము.

కండ తగ్గినయెడల కారణములు నాలుగు విధములు: ముసలితనము, రోగము, కదలిక లేమి, మాంసకృత్తుల లోపము. పిడుదుల వలన వచ్చు జ్వరములు, మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు, క్యాన్సరు మొదలగు వానిలో తిండి తినుచున్నను కండ కరగును. అట్టిచో తిండి పెంచుట చికిత్స కాదు, పశువైద్యుని చూపింపవలెను. ఇక మాంసకృత్తుల సంగతి. బండి లాగు కుక్కలపై జరిపి 1999లో ప్రకటించిన యొక పరిశోధనలో, ఆహారపు శక్తిలో నూటికి 18 వంతులు మాత్రమే మాంసకృత్తులనుండి పొందిన కుక్కలన్నియు శిక్షణకాలమున ఏదో యొక గాయము పాలైనవి. అంతకంటె ఎక్కువ పొందినవానికి గాయములు తక్కువ. గంజి అన్నము, జొన్న సంకటి కడుపు నింపును గాని వానితో మాత్రమే కండ నిలువదు.

బలిసిన కుక్కను ఒక్కసారిగా పస్తుంచరాదు. వారమునకు బరువులో నూటికి ఒకటి రెండు వంతులకంటె వేగముగా తగ్గింపరాదు. ఏలయన, త్వరపడినయెడల కొవ్వుతో పాటు కండయు పోవును. తిండిని పదవ వంతు తగ్గించి, రెండు వారములు చూచి, మరల పరీక్షింపవలెను. నడక, ఈత, ఎత్తు ఎక్కుట మెల్లమెల్లగా పెంపవలెను.

8. దాఖలా పుస్తకము

ఒకనాటి పరీక్ష ఒక చిత్రము వంటిది. వరుసగా వ్రాసిన దాఖలా ఒక కథ వంటిది. పదునైదు దినముల కొకసారి తేది, బరువు, దేహపుష్టి మెట్టు, కండపుష్టి, రెండు తొడల కొలత, చేసిన పని, పెట్టిన తిండి వ్రాయవలెను. ఉదాహరణమునకై ఒక జాగిలపు దాఖలాను ఊహించుకొందము.

మొదటి నెల: బరువు 27 కిలోలు, దేహపుష్టి 4, కండ నిండు, ఎడమ తొడ 36 సెంటీమీటర్లు, కుడి తొడ 36.

రెండవ నెల: బరువు 27 కిలోలు, దేహపుష్టి 5, కండ నిండు, ఎడమ 36, కుడి 35.

మూడవ నెల: బరువు 27 కిలోలు, దేహపుష్టి 6, కండ కొంచెము తగ్గుదల, ఎడమ 36, కుడి 34.

త్రాసును మాత్రమే నమ్మినవాడు ఈ మూడు నెలలలో మార్పేమియు లేదని చెప్పును. దాఖలా చదివినవాడు మూడు సంగతులు చెప్పును: కొవ్వు హెచ్చుచున్నది, కండ తగ్గుచున్నది, కుడి వెనుకకాలిలో ఏదో బాధ కలదు. కుక్క ఇంకను కుంటుట లేదు. కుంటుటకు ముందే దానిని వైద్యునికి చూపించుటకు వీలు కలిగినది. ఈ పాఠపు ప్రయోజనమంతయు ఆ యొక్క మాటలో నున్నది.

మందను కాచు కుక్కకు, సరిహద్దున నిలుచు జాగిలమునకు జీతము లేదు, సెలవు లేదు, ఫిర్యాదు వ్రాయు కాగితము లేదు. దాని తరపున వ్రాయవలసినది మనమే. పక్షమున కొకసారి పది నిమిషములు దానిపై చేయి వేసి, చేతికి తెలిసినది పుస్తకమున వ్రాసినయెడల అది మనకు చేసిన సేవలో కొంతయైనను తీర్చుకొన్నవారమగుదుము.

అభ్యాసము

1. త్రాసు ఒక్కటియే కుక్క స్థితిని తెలుపజాలదు. ఏల?
2. అరచేతి వెనుక భాగము, పిడికిలి కణుపులు, అరచేయి: ఈ మూడింటి పోలికను వివరింపుడు.
3. ఆఱవ మెట్టునందున్న జాగిలము 22 కిలోలు తూగినది. ఉండవలసిన బరువెంత?
4. ముధోల్ జాగిలపు ప్రక్కటెముకలు కనబడుచున్నవి. అది ఆరోగ్యమో, ఆకలియో తేల్చుటకు ఎచ్చట చేయి వేయుదురు? ఏమి గమనింతురు?
5. మీ యింటనో, మీ బంధువుల యింటనో గల కుక్కను పెద్దల యెదుట పరీక్షించి, మూడు నెలల దాఖలా వ్రాయుడు.